చెయ్యి ఆగిన పదకొండు వారాలు

(తాండాల యువతీ యువకుల సమావేశంలో, దేవరకొండ ప్రాంతానికి చెందిన ఒక లంబాడీ కుట్టుపని కళాకారిణి చేసిన ప్రసంగం. ఆమె మాట తీరు మార్చకుండా ఇస్తున్నాం.)

 

నన్ను పిలిచినోళ్లు "మన కుట్టుపని గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నరు. గొప్పతనం గురించి చెప్పెటోళ్లు మస్తుగున్నరు. నేను కుట్టని రోజుల గురించి చెప్త. నిరుడు నా కుడిచేతికి ఆపరేషన్ అయింది. పదకొండు వారాలు సూది పట్టలే. పన్నెండేండ్లప్పుడు మా యాడి నా చేతికి సూది ఇచ్చింది. అప్పటిసంది అన్ని రోజులు సూది ముట్టకుండ ఎన్నడు లేను. కాన్పులప్పుడు గూడ లేను.

ఇగో, కనబడుతున్నదా? మణికట్టు దాటినంక అరచేతి మొదట్ల ఈ గీత. బొటనవేలంత పొడుగు గూడ లేదు. దూరం నుంచి చూస్తే చేతిరాతల కలిసిపోతది. జాతకం చెప్పెటోడు ఎవడన్న చూస్తే నాకు ఇంకో ఆయుష్షు రేఖ ఉన్నదంటడేమో.

ఎట్ల మొదలైందో చెప్త. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. చెయ్యి నిండ చీమలు పారినట్టు తిమ్మిరి. లేచి కూసొని చెయ్యి విదిలిస్తే తగ్గేది. మళ్ల పండుకుంటే మళ్ల వచ్చేది. వాతం అన్నరు, నెత్తురు లేదన్నరు, దిష్టి అన్నరు. మా ఆయన పక్కూరి నుంచి ఏదో నూనె తెచ్చిండు. ఒక్క సంగతి మాత్రం నేను గుర్తుపట్టలే. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు సగం దాకనే ఉండేది. చిటికెనవేలు ఎప్పుడు మంచిగనే ఉండేది. తర్వాత డాక్టరమ్మ అడిగిన మొదటి మాట అదే: "చిటికెనవేలుకు వస్తదా?" రాదు అంటే ఆమెకు సగం అర్థమైంది.

అట్ల రెండేండ్లు లాగిన. ఎందుకు లాగిన అంటే, చెప్పుకోవాలె గద, భయంతోటి. ఆర్డర్లు తెచ్చి ఇచ్చే ఒక ఆమె ఉండేది. నా చెయ్యి బాగలేదని తెలిస్తే నా పని ఇంకొకరికి పోతదనుకున్న. టీ గ్లాసు చేతిల నుంచి జారితే "చెమట" అన్న. అద్దం జారితే "ఈ అద్దాలు ఇప్పుడు పలుచగ వస్తున్నయి" అన్న. పని ఆలస్యమైతే పొద్దుగాల నాలుగింటికి లేచి కుట్టిన. ఆఖరికి ఒకరోజు నా బిడ్డ నా రెండు చేతులు పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమచేతి బొటనవేలు కింద కండ ఉబ్బెత్తుగున్నది. కుడిచేతిల అక్కడ గుంట పడ్డది.

ఆసుపత్రిల నరాల పరీక్ష చేసిన్రు. చేతికి చిన్నచిన్న కరెంటు షాకులు ఇచ్చి, నరం ఎంత తొందరగ కబురు పంపుతుందో లెక్క చూస్తరు. కార్పల్ టన్నెల్ అన్నరు. డాక్టరమ్మ మంచిది, బొమ్మ గీసి చూపెట్టింది. మణికట్టు లోపల ఒక గొట్టం లాంటి దారి ఉంటది. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ దారిలకెళ్లి వేళ్లను మడిచే తొమ్మిది నరాల తాళ్లు పోతయి. వాటి నడుమ అసలు నరం ఒక్కటి. తాళ్లు వాస్తే దారి పెరగదు, నరం నలుగుతది. నాకు వెంటనే ఫేటియా బొందు యాదికొచ్చింది. ఒక్క బొందు పట్టే నడుము మడతల పది బొందులు దూర్చినట్టు! ఆ మాట చెప్తే ఆమె నవ్వి, "ఔనమ్మా, ఆ మడత కుట్టు ఒక పక్క విప్పుత, అంతే" అన్నది.

సూదిపనితోటే వచ్చిందా అని అడిగిన. పనితోటి గూడ వస్తదన్నది. థైరాయిడ్ ఉన్నోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు, కడుపుతోటి ఉన్నోళ్లకు గూడ వస్తదని నెత్తురు పరీక్ష రాసింది. నాకు థైరాయిడ్ ఉన్నదని ఆ రోజే తెలిసింది. "రెండేండ్ల కింద వచ్చుంటే రాత్రి పట్టీ కట్టుకొని, ఒక ఇంజెక్షన్ తీసుకొని చూద్దుము. ఇప్పుడు కండ కరుగుతున్నది. ఆపరేషన్ చేసినా స్పర్శ మొత్తం వస్తదని మాటియ్య" అన్నది. ఆ మాట ఇంటిదాక నా ఎనకనే వచ్చింది.

ఇగ గాజుల సంగతి. ఇది మీలో ఆడపిల్లలకన్న కొంచెం అర్థమైతది. ఆపరేషన్ అప్పుడు నెత్తురు ఆగనీకె దండచేతికి గట్టిగ పట్టీ బిగిస్తరు. చెయ్యి వాస్తది గూడ. అందుకని గాజు, ఉంగరం ఏదీ ఉండొద్దన్నరు. నా ఈడోళ్లం ఇంక కొంతమందిమి దండచేతికి బళియా వేసుకుంటం. అవి ఎప్పుడు తీస్తరో మీకు తెలుసు. మొగడు పోయిన దినం తీస్తరు. మొగడు బతికుండంగ ఎట్ల తీస్త?

రాత్రి మా అత్త పిలిచింది. ఆమె చేతులు బోసిపోయి ఇరవై ఏండ్లాయె. కొబ్బరినూనె, సబ్బు తెచ్చుకొని నా చెయ్యి ఒళ్లె పెట్టుకున్నది. ఒక్కొక్కటే తీసింది. మోచేయి కాడ రెండు బిగుసుకున్నయి. తోలు గీసుకున్నది, ఆమె ఆపలే. అన్నీ తీసినంక అన్నది: "నాయి తీసినప్పుడు ఎవ్వరు నూనె రాయలే. ఇవి మళ్ల వెయ్యడానికే తీస్తున్న, నువ్వు ఏడ్వకు." ఏడ్చింది మాత్రం ఆమెనే. గాజులు గుడ్డల కట్టి మా ఆయనకిచ్చింది. ఆసుపత్రిల ఆ దినమంత ఆయన అంగీ జేబుల గలగలలాడుకుంటనే ఉన్నయి. ఆయన కుర్చీల కదిలినప్పుడల్ల నర్సు తిరిగి చూసేది.

నాలుగు రోజులకు పక్క తాండా ముసలమ్మ ఒకామె మా ఇంటికొచ్చి, నా బోసి చెయ్యి చూసి గుండె బాదుకొని శోకం మొదలుపెట్టింది. గొర్లకు మేత మోసుకొస్తున్న మా ఆయన గుమ్మంల నిలబడి, "అవ్వా, నేనింక పోలే" అన్నడు. ఇప్పటికీ ఆ ముసలమ్మ ఆయనను చూస్తే కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటది.

ఆపరేషన్ గురించి చెప్పనీకె పెద్దగ ఏం లేదు. చేతికి మాత్రమే మత్తు, నాకు అంత సోయి ఉన్నది, అర్ధగంటల అయిపోయింది, సాయంత్రానికి ఇంటికి వచ్చినం. ఆ రాత్రి చెయ్యి దిండు మీద గుండె కంటె ఎత్తుల పెట్టుకొని పండుకున్న. కోసిన కాడ నొప్పి ఉన్నది. కానీ ఆ చీమలు రాలే. రెండేండ్ల తర్వాత తెల్లారేదాక పండిన.

కష్టం తర్వాత తెలిసింది. కుడిచెయ్యి కట్టుల ఉంటే దినం ఎంత పొడుగో! కాంచళి తాళ్లు ఈపు మీద కట్టుకోవాలె, ఒక్క చేత్తోటి ఎట్ల ముడేస్తవు? పన్నెండు దినాలు నా బిడ్డనే కట్టింది. తర్వాత విసుగొచ్చి తన నైటీ ఇచ్చింది. నేను నైటీల, మా అత్త ఫేటియాల! తాండా అంత చూసి నవ్వింది. స్నానానికి చేతికి ప్లాస్టిక్ సంచి. జడ నాకు మా ఆయన వేసిండు. గొర్రెకు తాడు పేనినట్టు వేసిండు గని ఊడలే, అది చెప్పాలె.

జొన్నరొట్టె మాత్రం ఎవ్వరికి రాలే. రొట్టెకు రెండు అరచేతులు కావాలె, అందుల కుడి అరచేతి మొదలే బలం. సరిగ్గ కోసింది అక్కడనే. నెల దినాలు అన్నం, బజారు రొట్టెలు. అన్నిటికంటె సిగ్గైంది ఎడమచేత్తోటి తినుడు. ఇంట్ల సరే. సుట్టాల పెండ్లిల పంక్తిల కూసుంటే, పక్కనున్నామె నా ఎడమచెయ్యి చూసి కొంచెం జరిగి కూసున్నది. చెంచా అడిగితే వడ్డించెటోళ్లకు దొరకలే. సగం తిని లేచిన.

పన్నెండో దినం కుట్లు తీసిన్రు. టీ గ్లాసు కంటె బరువు లేపొద్దు, ఆరు వారాల దాక బిందె ముట్టొద్దన్నరు. ఫిజియోథెరపీ చేసే పిల్ల మీ ఈడుదే. వేళ్లు నిటారుగ పెట్టు, కొక్కెం లెక్క వంచు, పిడికిలి పట్టు, మళ్ల విప్పు అని నేర్పింది. గంటకోసారి పదిసార్లు. గాయం మానినంక ఆ గీత మీద నూనెతోటి మెల్లగ రుద్దమన్నది. అరచేతి మొదట్ల రెండు దిక్కుల ఒత్తితే నొప్పి మూడు నెలలు ఉన్నది. అట్ల ఉంటదని ముందే చెప్పిన్రు గనుక భయపడలే. చెప్పకుంటే మళ్ల నూనెల మంత్రగాని కాడికి పోతుంటి.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న సంగతి.

ఆపరేషన్‌కు పోయెటప్పటికి చేతిల ఒక ఆర్డర్ సగం ఉన్నది. ఫోన్లు పెట్టుకునే చిన్న సంచులు. డిగ్రీ చదివే నా బిడ్డ సెలవులకు వచ్చి, "యాడీ, ఎట్ల కుట్టాలె చెప్పు, నేను చేస్త" అన్నది. సంతోషమైంది. "అద్దం పెట్టి ఇట్ల కుట్టు" అన్న.

"ఇట్ల అంటే?"

"ఇట్ల" అన్న. కట్టు లోపల నా వేళ్లు వాటంతటవే కదిలినయి, నొప్పి లేచింది. నోట్లకెళ్లి మాట మాత్రం రాలే. పిల్లలూ, నాకు ముప్పై ఎనిమిదేండ్లుగ వచ్చిన పని, చెప్పుమంటే చెప్పరాలే. మా యాడి నాకు చెప్పలే గద, నా చెయ్యి పట్టి కుట్టించింది. నా చెయ్యి ఇప్పుడు ఎవ్వరి చెయ్యి పట్టెటట్టు లేదు.

ఆలోచించి చెప్పిన: అద్దం మీద నిలువుగ రెండు పోగులు, అడ్డంగ రెండు పోగులు వెయ్యి, నడుమ చిన్న కిటికీ లెక్క వస్తది. ఆ పోగులను, బట్టను కలిపి చుట్టు కుట్టుకుంట పో. మంచిగనే చెప్పిన అనుకున్న. కుట్టి చూపెట్టింది. సంచి దులిపితే అద్దం కింద పడ్డది. మళ్ల కుట్టింది, మళ్ల పడ్డది. ఎందుకో నాకు తెల్వలే. రాత్రి పండుకొని నా పాత కుట్టు ఒకటి ముందల పెట్టుకొని చూసిన. నేను పోగులు అద్దం అంచున వెయ్యను, నడిమికి దగ్గరగ వేస్త. చుట్టు కుట్టెటప్పుడు అవి బయటికి గుంజుకొని అంచుకు వస్తయి. అంచునే వేస్తే గుంజినంక జారిపోతయి. నేను అట్ల చేస్తున్నట్టు నాకే ఆ రాత్రి తెలిసింది.

తెల్లారి ఎదురుగ కూసొమ్మన్న. నేను ఎడమచేత్తోటి గాలిల చూపెడుతుంటే, అద్దంల చూసినట్టు అది తనకు కుడిచెయ్యి అయింది. పక్కన కూసుంటే తారుమారు అయ్యేది. ఎదురుగ కూసుంటే సరిపోయింది. ఎడమచేతివాటం ఉన్నోళ్లకు నేర్పెటప్పుడు మీకు గూడ పనికొస్తది, యాది పెట్టుకోండ్రి.

అప్పుడు ఇంకోటి తెలిసింది. కుట్లకు పేర్లు అడిగింది, నాకు నాలుగైదే వచ్చు. కర్ణాటకల సండూరు వాళ్ల లంబాణీ కుట్టుపనికి 2010ల జీఐ గుర్తింపు వచ్చింది. వాళ్లు పేర్లు రాసిపెట్టుకున్నరు, కిలన్, వేలే, మాకీ, నక్రా అని. నా బిడ్డ ఫోన్ల చూసి చదువుతుంటే, "ఇదా, ఇది మా యాడి కుట్టేది, దీనికి పేరున్నదా!" అన్న. మా దిక్కు కొన్నిటికి వేరే మాట ఉన్నది, కొన్నిటికి "గది" అనుడే. మన గోర్ బోలికి సొంత లిపి లేదు గద, అది తెలుగు అక్షరాలల్ల రాసుకున్నది. మా అత్తను గూడ కూసోబెట్టి అడిగింది. ఆమె ఒక కుట్టుకు చెప్పిన పేరు ఇక్కడ చెప్పరానిది. అది గూడ రాసుకున్నది.

సండూరు మాట వచ్చింది గనుక ఒకటి. 2023 జులైల హంపిల జీ20 సమావేశం అయినప్పుడు మన కుట్టుపని వస్తువులు 1755 ఒక్క కాడ పెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చిన్రు. మీ వాట్సాప్‌లల్ల అప్పుడు తిరిగింది. నేను గూడ గర్వపడ్డ. ఆపరేషన్ అయినంక ఆ ఫొటోలు మళ్ల చూసినప్పుడు, నా కండ్లు బట్టల మీద నిలవలే. వీళ్లల్ల ఎందరు రాత్రి లేచి చేతులు విదిలిస్తున్నరో అనిపించింది. పూర్వం మనోళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట తిరిగిన కాలంల ఆడోళ్లు తమకోసం, బిడ్డ పెండ్లికోసం కుట్టుకున్నరు. ఒక ఫేటియా నెలలకొద్ది పట్టేది, అడిగెటోడు లేడు. వాళ్లకు నొప్పులు లేకుండెనని నేను అనను. ఉండే ఉంటయి, ఎవ్వరు రాయలే. కానీ ఫలానా తారీఖుకు ఇన్ని సంచులు అని ఎవ్వరు నిలబడలే.

నా బిడ్డ ఒకరోజు గడియారం పెట్టుకొని కుట్టింది. ఒక్క సంచికి పది గంటలు. దానికి మాకు వచ్చేది 150 రూపాయలు. "గంటకు 15 రూపాయలు, యాడీ. ఈ రేటుకా నీ చెయ్యి పోయింది?" అన్నది. నాకు కోపమొచ్చింది. ఆ పైసలతోటే నీ హాస్టల్ ఫీజు కట్టిన అన్న. ఆ దినం మేమిద్దరం మాట్లాడుకోలే. అది చెప్పింది తప్పని కోపం కాదు. ఇన్నేండ్లు నేను లెక్క చెయ్యలే, అది ఒక్కపూటల చేసింది, అందుకు కోపం.

మిగిలిన సంచులు ఇచ్చెటప్పుడు రేటు పెంచమని అడిగిన. ఆమె "చూద్దాం" అన్నది. తర్వాత ఫోన్ చెయ్యలే. మూడు నెలలు ఖాళీ. తప్పు చేసిన్నా అనుకున్న రోజులున్నయి, దాచుడెందుకు. ఇప్పుడు నేను, ఇంకో నలుగురం కలిసి నేరుగ కొనెటోళ్లకు ఇస్తున్నం. పని తక్కువ, రేటు కొంచెం నయం. ఇది నిలబడ్తదో లేదో వచ్చే ఏడు అడగండ్రి.

పన్నెండో వారం సూది పట్టిన. మొదలు ఉన్నిదారం, పెద్ద సూది. రెండు కుట్లు వేసి మూడోది వెయ్యబోతే చేతిల సూది లేదు. పడ్డది నాకు తెల్వలే. చూపుడువేలు కొసకు గుడ్డ చుట్టినట్టు ఉంటది ఇప్పటికీ. నరం దినానికి ఒక మిల్లీమీటరు చొప్పున మెల్లగ కోలుకుంటదని డాక్టరమ్మ చెప్పింది. అందుకే తొందరపడలే. కొంత వచ్చింది, కొంత రాలే. ఇంతకుముందు వేలుతోటి పోగు లెక్కపెట్టేదాన్ని, ఇప్పుడు కండ్లతోటి లెక్కపెడుతున్న. ఇరవై ఐదు నిమిషాలకు ఫోన్ మోగెటట్టు పెట్టుకున్న. మోగితే ఎంత ముచ్చటైన కుట్టైనా ఆపి వేళ్లు చాపుకుంట. సూదిని వేళ్లతోటి గట్టిగ నొక్కిపట్టకుండ, సూది తలకాడ కొంచెం గుడ్డ పట్టీ చుట్టిన. ఎడమచేతికి రాత్రి పట్టీ కట్టుకొని పండుకుంటున్న, ఎందుకంటే ఇప్పుడు దానికి మొదలైంది. ఈసారి రెండేండ్లు దాచలే, రెండు వారాలల్ల పోయి చూపెట్టుకున్న.

మీరు ఇంటికి పోయినంక మీ అమ్మను, నాయినమ్మను అడగండ్రి: రాత్రి తిమ్మిరికి మెలకువ వస్తున్నదా, ఏ ఏ వేళ్లకు, చిటికెనవేలుకు గూడనా అని. బొటనవేలు కింద కండ రెండు చేతులకు ఒక్కతీరు ఉన్నదో చూడండ్రి. "ఏం లేదు బిడ్డ" అంటరు. నేను గూడ అన్న. తీసుకపోండ్రి.

గాజులు దండచేతికి మళ్ల వేసుకున్న, మా అత్తనే వేసింది. ముంజేతియి మాత్రం పట్టలే, మణికట్టు కొంచెం లావైంది. అవి ఆ గుడ్డ మూటలనే ఉన్నయి.

ఇగ ఈ బట్ట ముక్క మీ వరుసలల్లకు పంపిస్తున్న. పై వరుస ఆపరేషన్‌కు ముందు నేను కుట్టింది. నడిమిది నా బిడ్డది. కింది వరుస ఇప్పటి నాది, వంకర ఉన్నది, తెలుసు. నడిమి వరుసల ఎడమదిక్కు అద్దం ఒకటి వదులుగున్నది. అది మొట్టమొదటిది, బాగుచెయ్యనియ్యలే నేను. మెల్లగ పట్టుకోండ్రి.